హెడర్ మారినా ఆబ్జెక్ట్ ఫైల్ మళ్లీ కంపైల్ కావట్లేదు: జీసీసీ, క్లాంగ్, సీఎల్ మూడింటికీ ఒకే మేక్‌ఫైల్

పార్సర్‌పని:
నమస్కారమండీ. ఒక సి లైబ్రరీని లినక్స్‌లో జీసీసీతో, మ్యాక్‌లో క్లాంగ్‌తో, విండోస్‌లో విజువల్ స్టూడియో సీఎల్‌తో బిల్డ్ చేయాలి. ఈ మూడూ కంపైలర్లు. మూడు చోట్లా బిల్డ్ నడిపేది జీఎన్‌యూ మేకే (మేక్‌ఫైల్‌లోని రూల్స్ చూసి, మారినవాటినే మళ్లీ కంపైల్ చేయించే టూల్). హెడర్‌లో (.సి ఫైళ్లు పంచుకునే .హెచ్ ఫైల్) ఒక స్ట్రక్ట్‌కి కొత్త ఫీల్డ్ చేరిస్తే, దాన్ని వాడే .సి ఫైళ్లు మళ్లీ కంపైల్ కావట్లేదు. లింక్ మాత్రం ఏ అడ్డూ లేకుండా అవుతోంది, నడిపితే మెమరీ పాడవుతోంది. మేక్ క్లీన్ కొడితే సర్దుకుంటుంది.

ఇప్పుడున్న ఏర్పాటు ఇది: మేక్ డిపెండ్ అనే విడి టార్గెట్ (మేక్‌తో చేయించే పని లేదా ఫైల్ పేరు) ఉంది. అది జీసీసీ -ఎంఎం (ఏ .సి ఫైల్ ఏ హెడర్లను వాడుతుందో మేక్ రూల్స్‌గా ఇచ్చే ఫ్లాగ్) ఇచ్చిందంతా ఒకే ఫైల్లోకి రాస్తుంది. ఆబ్జెక్టులు (.సి ఫైళ్లు కంపైల్ అయ్యాక వచ్చే ఫైళ్లు) బిల్డ్ ఫోల్డర్‌లోకి వెళ్తాయి. ఏదైనా హెడర్ తీసేసినప్పుడు "నో రూల్ టు మేక్ టార్గెట్" అని ఆగిపోతోంది. సీఎల్‌లో -ఎంఎం లాంటిది కనబడలేదు. ఏం చేయాలి?

లింకర్‌మిత్ర:
మీ ఫైళ్లు కంపైల్ కాకపోవడానికి కారణం పేరు తేడా. ఉత్త -ఎంఎం ఇచ్చే టార్గెట్‌లో ఫోల్డర్ ఉండదు. అది "పార్సర్.ఓ" అని రాస్తుంది, మేక్ కట్టేది "బిల్డ్/పార్సర్.ఓ". ఆ రూల్ ఎవరికీ చెందక పక్కన పడి ఉంటుంది, ఎర్రర్ కూడా రాదు.

మేక్ డిపెండ్‌ను పూర్తిగా తీసేయండి. కంపైల్ చేస్తున్నప్పుడే డిపెండెన్సీలు (ఏ ఆబ్జెక్ట్ ఏ ఫైళ్ల మీద ఆధారపడుతుందో) రాయించండి:

జీసీసీ -ఎంఎండి -ఎంపి -సి పార్సర్.సి -ఓ బిల్డ్/పార్సర్.ఓ

(ఎం‌తో మొదలయ్యే ఫ్లాగులన్నీ పెద్ద అక్షరాలు. క్లాంగ్‌కీ ఇవే.) పక్కనే బిల్డ్/పార్సర్.డి పుడుతుంది, అందులో టార్గెట్ పేరు -ఓ దగ్గర ఇచ్చినట్టే ఉంటుంది. మేక్‌ఫైల్ చివర ఆ .డి ఫైళ్లన్నిటినీ ముందు హైఫన్ ఉన్న ఇన్‌క్లూడ్‌తో చేర్చండి. హైఫన్ ఉంటే, ఫైల్ ఇంకా లేకపోయినా మేక్ ఆగదు. చివరే పెట్టండి. మొదట పెడితే .డి ఫైల్లోని మొదటి టార్గెటే డిఫాల్ట్ అయిపోయి, మేక్ అన్నప్పుడు ఒక్క ఆబ్జెక్ట్ కట్టి ఊరుకుంటుంది.

మొదటి బిల్డ్‌లో .డి లేకపోతే నష్టమేమీ లేదు. ఆబ్జెక్టే లేదు కాబట్టి కంపైల్ ఎటూ జరుగుతుంది. డిపెండెన్సీల అవసరం రెండోసారి నుంచే.

హెడర్ తీసేసినప్పటి ఎర్రర్‌కి మందు -ఎంపి. ప్రతి హెడర్‌కీ ఒక ఖాళీ రూల్ రాస్తుంది. ఫైల్ మాయమైతే అది మారినట్టు మేక్ లెక్కేసుకుని మళ్లీ కంపైల్ చేస్తుంది, కొత్త .డి వస్తుంది, పాత పేరు పోతుంది.

ఒక జాగ్రత్త: -ఎంఎండి సిస్టమ్ హెడర్లను వదిలేస్తుంది. కోణపు బ్రాకెట్లలో రాశామా, కోట్స్‌లో రాశామా అన్నది కాదు లెక్క, ఆ హెడర్ సిస్టమ్ ఫోల్డర్‌లో దొరికిందా అన్నది. బయటి లైబ్రరీని -ఐసిస్టమ్‌తో (ఆ ఫోల్డర్‌ని సిస్టమ్ ఫోల్డర్‌గా చూడమనే ఫ్లాగ్) ఇస్తుంటే, దాన్ని అప్‌గ్రేడ్ చేసినా మీ కోడ్ మళ్లీ కంపైల్ కాదు. అలాంటి చోట సిస్టమ్ హెడర్లనూ రాసే -ఎండి వాడండి.

విండోస్‌వైపు:
సీఎల్ మేక్ రూల్స్ రాయదు. రెండు దారులున్నాయి.

పాతది /షోఇన్‌క్లూడ్స్. ప్రతి హెడర్‌నీ "నోట్: ఇన్‌క్లూడింగ్ ఫైల్:" అనే ముక్కతో ప్రింట్ చేస్తుంది. ఆ ముక్క విజువల్ స్టూడియో భాషను బట్టి మారిపోతుంది, అప్పుడు మీ స్క్రిప్ట్‌కి ఒక్క హెడరూ దొరకదు. వీఎస్‌లాంగ్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని 1033 చేస్తే ఇంగ్లిష్‌లో వస్తుంది, అయితే ఇంగ్లిష్ భాషా ప్యాక్ ఉండాలి. ఇంకా పెద్ద చిక్కు పైప్. సీఎల్ అవుట్‌పుట్‌ని నేరుగా సెడ్‌లోకి (టెక్స్ట్‌ని మార్చే కమాండ్) పంపితే మేక్‌కి అందేది సెడ్ ఎగ్జిట్ కోడ్ (పని గెలిచిందో లేదో చెప్పే అంకె). కంపైల్ విఫలమైనా గెలిచినట్టే కనబడుతుంది. ముందు తాత్కాలిక ఫైల్లోకి తీసుకుని, సీఎల్ ఎగ్జిట్ కోడ్ సున్నా అయితేనే .డి తయారుచేయండి.

విజువల్ స్టూడియో 2019 వెర్షన్ 16.7 నుంచి /సోర్స్‌డిపెండెన్సీస్ ఉంది. అదే జాబితాను జేసన్ ఫార్మాట్‌లో ఫైల్లో రాస్తుంది, భాష గొడవ లేదు. పాత వెర్షన్ల అవసరం లేకపోతే ఇదే మేలు. చిన్న పైథాన్ స్క్రిప్ట్‌తో .డి గా మార్చండి: బ్యాక్‌స్లాష్‌ని స్లాష్ చేయాలి, పేరులో స్పేస్ ఉంటే దాని ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి, ప్రోగ్రామ్ ఫైల్స్ కింద ఉన్నవి తీసేయొచ్చు. సిగ్విన్ (విండోస్‌లో యునిక్స్ టూల్స్ ఇచ్చే ప్యాకేజీ) మేక్ వాడుతుంటే డ్రైవ్ అక్షరం తర్వాతి కోలన్ దగ్గర "మల్టిపుల్ టార్గెట్ ప్యాటర్న్స్" అంటుంది. ప్రాజెక్ట్ ఫోల్డర్ నుంచి రిలేటివ్ పాత్‌గా మార్చేస్తే ఆ బాధ పోతుంది.

పార్సర్‌పని:
చాలా థాంక్స్ అండీ. ఇంకొక్కటి: టోకెన్స్.హెచ్ అనేదాన్ని బిల్డ్ మధ్యలో స్క్రిప్ట్ తయారుచేస్తుంది. -జె8తో (ఒకేసారి ఎనిమిది పనులు) నడిపితే, శుభ్రమైన చెక్‌అవుట్‌లో (కొత్తగా తెచ్చుకున్న సోర్స్) ఒక్కోసారి "ఫైల్ లేదు" అంటోంది.

నింజాదారి:
మొదటి బిల్డ్‌లో .డి లేదు కాబట్టి టోకెన్స్.హెచ్ ముందు పుట్టాలని మేక్‌కి తెలిసే మార్గం లేదు. ఆబ్జెక్ట్ రూల్‌లో నిలువు గీత తర్వాత దాని పేరు రాయండి. అది ఆర్డర్-ఓన్లీ డిపెండెన్సీ: ముందు తయారై ఉండాలంతే, దాని టైమ్‌స్టాంప్ చూసి అన్నీ మళ్లీ కంపైల్ చేయదు. నిజంగా దాన్ని వాడే ఫైళ్ల సంగతి రెండోసారి నుంచి .డి చూసుకుంటుంది.

.డి పట్టుకోలేనివి రెండున్నాయి. ఒకటి ఫ్లాగుల మార్పు. -డీతో ఇచ్చే మాక్రో మార్చినా మేక్ పట్టించుకోదు. ఫ్లాగులను ఒక ఫైల్లో, మారినప్పుడు మాత్రమే తిరగరాస్తూ, ఆబ్జెక్టులన్నిటినీ దానిమీద ఆధారపడేలా చేయండి. రెండోది, -ఐ (హెడర్లు వెతికే ఫోల్డర్లు చెప్పే ఫ్లాగ్) వరుసలో ముందున్న ఫోల్డర్‌లోకి అదే పేరుతో కొత్త హెడర్ రావడం. పాత జాబితాలో అది లేదు కాబట్టి ఎవరూ కదలరు. దీనికి క్లీన్ బిల్డే దారి.

సీఎల్ స్క్రిప్ట్‌ని మోయడం కష్టమనిపిస్తే సీమేక్‌తో (బిల్డ్ ఫైళ్లు రాసిపెట్టే టూల్) నింజా (మేక్ లాంటి మరో బిల్డ్ టూల్) ఫైళ్లు పుట్టించుకోండి. /షోఇన్‌క్లూడ్స్ ముందుముక్క ఏ భాషలో ఉందో కాన్ఫిగర్ దశలోనే సీమేక్ కనిపెట్టి నింజాకి చెబుతుంది. కమాండ్ మారితే నింజా తనంతట తనే మళ్లీ కంపైల్ చేస్తుంది. అది .డి ఫైళ్లను చదివి తన లాగ్‌లో దాచుకుని తొలగిస్తుంది, కనబడలేదని కంగారుపడకండి. నింజా -టి డెప్స్ అంటే చూపిస్తుంది.

మేక్‌లోనే ఉంటే, మార్పులయ్యాక ఒకసారి పూర్తి బిల్డ్ చేసి మేక్ -ఎన్ -డబ్ల్యూ ఇన్‌క్లూడ్/పార్సర్.హెచ్ అని కొట్టండి (ఎన్ చిన్నది, డబ్ల్యూ పెద్దది). ఆ హెడర్ ఇప్పుడే మారితే ఏయే కమాండ్లు నడుస్తాయో, ఏదీ నడపకుండా చూపిస్తుంది. హెడర్ పేరు .డి ఫైల్లో ఎలా ఉందో అచ్చం అలాగే ఇవ్వాలి. ఆ జాబితాలో రావాల్సిన .సి ఫైల్ ఏదైనా రాకపోతే, దాని .డి తెరిచి మొదటి లైన్‌లోని టార్గెట్ పేరు చూడండి.