అప్‌డేట్: తాత వీలునామా చెల్లుతదంట, నా కథే మారిపోయింది

మొన్న అడిగిన గదా, నేను రాస్తున్న సస్పెన్స్ నవలల హన్మకొండ రైస్‌మిల్లు ఓనర్ తాత తెల్లకాగితం మీద వీలునామా రాసి పోతడు, రిజిస్టర్ చెయ్యలే, మరి చెల్లుతదా అని. సగం మంది చెల్లదన్నరు. మా గల్లీల వకీలు సార్‌ను అడిగితే నవ్విండు, రిజిస్ట్రేషన్ కంపల్సరీ ఏం కాదంట, 1925 వారసత్వ చట్టం ప్రకారం తాత సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలె.

అసలు మజా ఇక్కడున్నది. కోర్టుల అది నిలబడాలంటే ఆ ఇద్దరిల కనీసం ఒక్కలు, బతికుంటే, వచ్చి సాక్ష్యం చెప్పాలె. నా కథల ఒకాయన ఎప్పుడో పోయిండు, మిగిలింది మిల్లుల పాత గుమస్తా, అంటే ఇప్పుడు ఇంట్ల అందరికీ ఆ ముసలాయనే కావాలె, కొందరికి బతికి, కొందరికి సచ్చి! అందుకే ఆయన కాజీపేటల రైలెక్కి మాయమైతడు, చేతిల స్టీల్ టిఫిన్ డబ్బా, దాంట్ల రొట్టెల కింద మడతపెట్టిన జిరాక్స్.

ఇంకో తప్పు గూడ దొరికింది, బిడ్డకు పైస రాదని రాసిన. మిల్లు తాత సొంత సంపాదన, ఎవరికన్నా రాసుకోవచ్చు, కానీ పరకాల కాడి పొలం తాతల నాటిది, హిందూ వారసత్వ చట్టానికి 2005ల వచ్చిన సవరణ తోని దాంట్ల బిడ్డ గూడ కొడుకుతోని సమానం, తాత తన వాటా వరకే రాయగలడు. నాలుగు చాప్టర్లు గంగల కలిసినయ్.

మొన్న కామెంట్ల "గుమస్తాను మొదట్లనే చంపెయ్" అన్న అన్నా, సారీ, ఇప్పుడే చంపను.