తాగుడు గురించి అడగగానే మాట మార్చేస్తున్నారు, ఎలా మాట్లాడాలి?

నేను ఓపీలో నర్సుని. బీపీ అనో కడుపులో మంట అనో వచ్చినవాళ్లను డాక్టర్ దగ్గరకు పంపేముందు, మద్యం అలవాటు ఎంతుందో అంచనా వేసే 'ఆడిట్' ప్రశ్నలు అడగడం నా పని. డబ్ల్యూహెచ్‌ఓ తయారుచేసిన 10 ప్రశ్నలే, ఐదు నిమిషాలు కూడా పట్టవు. చిక్కంతా రెండో ప్రశ్న దగ్గరే. "తాగిన రోజు ఎన్ని డ్రింకులు?" అంటే "రెండేనండీ" అంటారు. ఆ గ్లాసు ఎంతదో ఎవరికి తెలుసు! లెక్క ప్రకారం ఒక డ్రింకు అంటే 10 గ్రాముల ఆల్కహాల్. గ్లాసుల బొమ్మలు చూపిస్తే కాస్త నయం.

స్కోరు 20, ఆపైన వస్తే స్పెషలిస్టుకు పంపుతాం, అక్కడ సందేహం లేదు. 8 నుంచి 15 మధ్య వచ్చేవాళ్లతోనే ఇబ్బంది. "అంటే నేను తాగుబోతునా?" అని ముఖం మాడ్చుకుంటారు. పక్కన భార్య ఉంటే ఇక నోరే విప్పరు. నీతులు చెబితే వినరు, చెప్పాలని నాకూ లేదు.

ఇదే పనిలో ఉన్నవాళ్లు చెప్పండి. స్కోరు చెప్పాక మీరు మొదట ఏమంటారు? ఇంట్లోవాళ్లను కాసేపు బయట కూర్చోమని నొప్పించకుండా ఎలా చెబుతారు? గంజాయి, నిద్రమాత్రల సంగతి కూడా అప్పుడే అడుగుతారా, లేక అన్ని రకాల మత్తుపదార్థాల గురించీ అడిగే 'అసిస్ట్' ఫారం ఇంకోసారికి ఉంచుతారా?