మొలవని విత్తనమంతా చచ్చిన విత్తనమేనా?

ప్రశ్న: విత్తనాల మీద ఒక పాఠం తెలుగులో రాస్తున్నాను. వయబిలిటీ, జర్మినేషన్ రెండింటికీ ‘మొలక శక్తి’ అనే వేసేయవచ్చా?

జవాబు: వద్దండీ, నష్టం జరుగుతుంది. పాకాల దగ్గర మా ఊళ్లో జరిగిందే చెబుతాను. ఒకసారి నూర్చిన వారానికే వడ్లు నానబెట్టి మండె కట్టాం, అంటే మొలకలు రావడానికి గోనెలో కట్టి పెట్టాం. మూడో రోజు గోనె విప్పి చూస్తే వందకు పది గింజలు కూడా తెల్లముక్కు బయట పెట్టలేదు. విత్తనం చచ్చిందనుకుని నాన్న కోళ్లకు పోసేశారు. అదే రాశిలో మిగిలిన వడ్లను రెండు నెలల తర్వాత అవ్వ మళ్లీ మండె కట్టింది. ఈసారి గోనె అల్లికలోంచి కూడా మొలకలు పొడుచుకొచ్చాయి. “అప్పుడు పాణం లేక కాదురా, నిద్రలో ఉండె” అంది.

తేడా అంతా ఆ మాటలోనే ఉంది. గింజ లోపలి బీజం బతికి ఉండటం ఒకటి, అది వయబిలిటీ; నీరు, గాలి, వెచ్చదనం అందాక అది లేచి రావడం ఇంకొకటి, అది జర్మినేషన్. కొత్త వడ్లు చాలా రకాల్లో కొన్ని వారాలు నిద్రావస్థలో ఉంటాయి. బతికే ఉంటాయి, మొలవవు. విత్తన సంచి చీటీ మీద ఉండేది మొలక శాతం, అంటే వంద గింజలకు ఎన్ని మంచి మొలకలు వస్తాయో ఆ లెక్క. ధ్రువీకరించిన విత్తనంలో వరికి అది కనీసం 80, వేరుశనగకు 70 ఉండాలి. మొలవని గింజలో ప్రాణం ఉందో లేదో తేలాలంటే ల్యాబ్‌లో టెట్రజోలియం అనే రసాయనం కలిపిన ద్రావణంలో నానబెడతారు. బతికున్న భాగం ఎర్రబడుతుంది, చచ్చింది తెల్లగానే ఉండిపోతుంది.

నేనైతే మొదటిదానికి ‘సజీవత’, రెండోదానికి ‘మొలకెత్తడం’ అని రాస్తాను. ‘మొలక శక్తి’ అంటే చదివేవాడు ఏది అనుకుంటాడో చెప్పలేం.

మరొకరు: ‘మొలకెత్తడం’ బదులు ‘అంకురణ’ బాగుంటుంది కదా?

జవాబు: బాగుంటుంది. మన తిరుపతి వాళ్లకు కొత్త మాటేమీ కాదు. బ్రహ్మోత్సవాల ముందురోజు సాయంత్రం అంకురార్పణలో పాలికల్లో మట్టి పోసి నవధాన్యాలు నిజంగానే చల్లుతారు. పేపర్లలో ‘పథకానికి అంకురార్పణ’ అని చదివీ చదివీ, ఆ మాటలో విత్తనం ఉందనే మరిచిపోయాం. పాఠం విద్యార్థుల కోసమైతే అంకురణ రాయండి. రైతుల కోసమైతే మాత్రం మొలకే ఉంచండి, పక్కన ‘మొలవకపోయినా ప్రాణం ఉండవచ్చు’ అని ఒక వాక్యం తప్పకుండా చేర్చండి.