ఫుట్‌బాల్ మ్యాచ్ కోసం మీరు చేసిన మరిచిపోలేని ప్రయాణం ఏది?

గుంటూరు వింగర్:
నేనే మొదలుపెడతాను. 2022 మార్చి 20, గోవాలోని ఫటోర్డా స్టేడియం, ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్. హైదరాబాద్ ఎఫ్‌సీకీ కేరళ బ్లాస్టర్స్‌కీ. కరోనా వల్ల రెండు సీజన్లు గోవాలోనే ఖాళీ స్టేడియాల్లో ఆడించారు కదా, మన జట్టును టీవీలో చూడడమే. ఫైనల్‌కి జనాన్ని రానిస్తారని తెలియగానే ముగ్గురం అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కేశాం. బెర్త్ ఒకటే దొరికింది, వంతులేసుకుని పడుకున్నాం. మడ్గావ్‌లో దిగితే ఎటు చూసినా పసుపు. అంతా మలయాళీలే. రెండు జట్ల రంగూ పసుపే. పట్టికలో మనం వాళ్లకంటే పైన ఉన్నాం కాబట్టి పసుపు జెర్సీ మనకొచ్చింది, వాళ్లు నలుపులో ఆడారు. మైదానంలో పసుపు మనది, గ్యాలరీలో పసుపు వాళ్లది. 68వ నిమిషంలో వాళ్ల రాహుల్ గోల్ కొడితే కాళ్ల కింద మెట్లు అదిరాయి. ఇక అయిపోయిందనుకున్నాం. 88వ నిమిషంలో మన సాహిల్ టవోరా దూరం నుంచి కొట్టాడు చూడండి, మూడు రోజులు నాకు గొంతు లేదు. షూటౌట్‌లో మన గోల్‌కీపర్ కట్టిమణి నాలుగు ఆపాడు. నాలుగు!
మీరు ఎలా వెళ్లారు, ఎక్కడ పడుకున్నారు, టికెట్లు దాచుకున్నారా? అన్నీ రాయండి.

అమ్ముగూడ 1958:
హైదరాబాద్ ఫుట్‌బాల్ ఈ ఎఫ్‌సీతో 2019లో పుట్టలేదు తమ్ముడూ. కోచ్ రహీం సాబ్ తయారుచేసిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. మా అమ్ముగూడ తులసీదాస్ బలరాం 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు. నా చిన్నప్పుడు మా నాన్న ఇక్కడి నుంచి ఫతే మైదాన్ దాకా సైకిల్ మీదే తీసుకెళ్లేవాడు. అప్పటికి దానికి లాల్ బహాదుర్ స్టేడియం అనే పేరు రాలేదు. ముందు కడ్డీకి పాత లుంగీ గుడ్డ చుట్టి నన్ను కూర్చోబెట్టేవాడు. ట్యాంక్‌బండ్ మీద ఎదురుగాలి కొడితే దిగి నడిచేవాళ్లం. తిరిగి వచ్చేటప్పుడు ఎవరు ఎక్కడ పాస్ ఇచ్చి ఉండాల్సిందో ఇల్లు చేరేదాకా చెబుతూనే ఉండేవాడు. నేను కడ్డీ మీదే నిద్రపోయేవాణ్ణి.

ఖరగ్‌పూర్ తెలుగు:
మాది శ్రీకాకుళం జిల్లా. తాత రైల్వే వర్క్‌షాప్ పనికి ఖరగ్‌పూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నాన్నకు ఈస్ట్ బెంగాల్ అంటే ప్రాణం. కారణం ఆ జట్టుకు ఆడిన హబీబ్. ‘మన హైదరాబాద్ మనిషి’ అనేవారు. 1997 జూలై 13, ఫెడరేషన్ కప్ సెమీఫైనల్, మోహన్ బగాన్ మీద. నాకు పదిహేనేళ్లు. హౌరా లోకల్‌లో ఒంటికాలి మీద వెళ్లాం. సాల్ట్ లేక్ స్టేడియంలో ఆ రోజు 1,31,781 మంది. లోపలికి వెళ్లేముందు నాన్న తన రుమాలు ఒక కొస నా మణికట్టుకి, రెండో కొస తన మణికట్టుకి ముడేశారు. 1980 ఆగస్టు 16న ఇవే రెండు జట్ల మ్యాచ్‌లో, ఈడెన్ గార్డెన్స్ గొడవలో పదహారు మంది చనిపోయిన రోజు ఆయన అక్కడే ఉన్నారు. మా భైచుంగ్ మూడు గోల్స్ కొట్టాడు, 4-1తో గెలిచాం. ప్రతి గోల్‌కీ ఇద్దరి చేతులూ కలిసే లేచాయి. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిష్ (మన పులస జాతి చేపే), మోహన్ బగాన్ గెలిస్తే రొయ్య, అది అక్కడి లెక్క. మర్నాడు నాన్న గోల్‌బజార్ నుంచి పులస తెచ్చారు, అమ్మ పులుసు పెట్టింది.

యానాం గోదారి:
ఒక్క నిమిషం. ఖరగ్‌పూర్‌లో పులస ఎక్కడిదండీ? సముద్రంలో ఉన్నంతసేపు అది ఇలస. వరద నీటికి ఎదురీది గోదావరిలోకి వస్తేనే పులస. బెంగాల్ చేపకు ఆ పేరు పెట్టొద్దు.

ఖరగ్‌పూర్ తెలుగు:
చేప జాతి ఒకటే కదండీ. మా ఇంట్లో పులస అనే అనేవాళ్లం.

యానాం గోదారి:
జాతి ఒకటైతే రుచి ఒకటవుతుందా? పుస్తెలమ్మయినా పులస తినమన్నారు, ఇలస తినమనలేదు.

నరసాపురం సెంటర్ హాఫ్:
ఇలిష్ కూడా హుగ్లీలోకి ఎదురీదే వస్తుంది. గోదావరి ఎక్కితే పులస, హుగ్లీ ఎక్కితే కాదా? నేనూ గోదావరి ఒడ్డునే పుట్టాను, నాకు అభ్యంతరం లేదు.

యానాం గోదారి:
మీకు లేకపోవచ్చు, నాకుంది. మా నాన్న వేట మీద బతికినవాడు. వరద రోజుల్లో వల వేసి రాత్రంతా కూర్చుంటే ఒకటో రెండో పడేవి. ఏ చేపను పడితే దాన్ని పులస అంటుంటే కడుపు మండుతుంది.

ఖరగ్‌పూర్ తెలుగు:
మా అమ్మ చేతి పులుసు పేరు కూడా మిమ్మల్ని అడిగి పెట్టాలా? నాన్న పోయి ఆరేళ్లయింది. ఆయన పులస అన్నారు, నాకూ పులసే.

జిల్లా రెఫరీ:
చేపలు ఆపండి. మొదటి పోస్టులో తప్పుంది, ఎవరూ పట్టుకోలేదు. ఇరవై రెండేళ్లుగా విజిల్ ఊదుతున్నాను కాబట్టి చెబుతున్నాను. కట్టిమణి ఆపినవి మూడే.

గుంటూరు వింగర్:
గోల్ వెనకాలే ఉన్నానండీ. కళ్లారా చూశాను, నాలుగు.

జిల్లా రెఫరీ:
కేరళ ఆటగాడు నిషు కుమార్ మొదట కొట్టింది ఆపాడు. కానీ బంతిని తన్నే క్షణానికి కీపర్ కనీసం ఒక పాదమైనా గీత మీద గానీ వెనక గానీ ఉంచాలి. కట్టిమణి ముందుకొచ్చేశాడు, మళ్లీ కొట్టించారు. అదీ ఆపాడు. లెక్కలోకి వచ్చేవి లెస్కోవిచ్, నిషు, జీక్సన్ కొట్టినవి. స్కోరు 3-1.

గుంటూరు వింగర్:
అంటే చేతులతో నాలుగుసార్లు ఆపినట్టేగా. పుస్తకంలో మీరు మూడు రాసుకోండి, నేను చూసింది నాలుగు.

మలక్‌పేట సౌత్ స్టాండ్:
మూడైతే ఏంటి, నాలుగైతే ఏంటి? ఆ జట్టు 2025లో ఢిల్లీ వెళ్లిపోయింది. 2019 నవంబర్ 2న గచ్చిబౌలిలో మొదటి హోం మ్యాచ్ నుంచీ వెళ్లినవాణ్ణి. కేరళను 2-1తో ఓడించాం. రాత్రి మ్యాచ్ అయ్యాక బస్సులు మారి ఇల్లు చేరేసరికి ఒంటిగంట అయ్యేది. ఇప్పుడు జెర్సీ బీరువాలో ఉంది, ఎక్కడికి వేసుకెళ్లను?

జిల్లా రెఫరీ:
మైదానాలు ఉన్నాయి, లీగ్ మ్యాచ్‌లు ఉన్నాయి. వచ్చి చూసేవాళ్లే లేరు.

మలక్‌పేట సౌత్ స్టాండ్:
మీరు మాకు నేర్పక్కర్లేదు సార్. వానలో మూడు వందల మందిమి నిలబడ్డ రోజులున్నాయి.

నల్లగొండ పీఈటీ:
అన్నయ్యా, ఖరగ్‌పూర్ అన్నయ్యా, మీ రుమాలు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అది చదివి ఆగిపోయాను. 2024 డిసెంబర్ 31, రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ ఫైనల్, గచ్చిబౌలిలో బెంగాల్, కేరళ. మా స్కూల్ అమ్మాయిలను పన్నెండు మందిని తీసుకెళ్లాను. ఇంజురీ టైంలో రోబి హన్స్‌దా గోల్ కొట్టి బెంగాల్‌ను గెలిపించాడు. మా పిల్లలు ఎవరి పక్షమూ కాదు, అయినా ఎగిరి గంతులేశారు. బయటికొస్తే ముందే మాట్లాడుకున్న ప్రైవేటు బస్సు లేదు. ఫోన్ ఎత్తలేదు, అడ్వాన్సు ఇప్పటికీ తిరిగివ్వలేదు. కొత్త సంవత్సరం రాత్రి, రోడ్డంతా బైకులు. చున్నీలు కలిపి ముడేసి అందరినీ దాన్ని పట్టుకోమని మెయిన్ రోడ్డు దాకా నడిపించాను. పన్నెండు గంటలకు పటాకులు పేలుతుంటే మేం సిటీ బస్సులో ఉన్నాం. అందులో ఇద్దరు ఇప్పుడు జిల్లా జట్టుకు ఆడుతున్నారు.

ఖరగ్‌పూర్ తెలుగు:
మంచి పని చేశారమ్మా. ఆ రుమాలు ఉంది. టికెట్ మాత్రం చెమటకు తడిసి జేబులోనే ముద్దయింది.

యానాం గోదారి:
ఖరగ్‌పూర్ గారూ, నాన్నగారి సంగతి చూడకుండా అన్నాను, ఏమనుకోకండి. చేప విషయంలో నా మాట మాత్రం అదే.

గుంటూరు వింగర్:
అమ్ముగూడ బాబాయ్, ఆ సైకిల్ ఏమైంది?

అమ్ముగూడ 1958:
ఉంది. మెట్ల కింద పెట్టాను, టైర్లు లేవు. పోయిన దసరాకి తుడుస్తూ కడ్డీకున్న గుడ్డ విప్పాను. మిగతా చోటంతా తుప్పు. అది చుట్టిన జానెడు మేర నల్ల రంగు ఇంకా మెరుస్తోంది.