నదిలో కలిసిన మంచు నీటిని ఎలా లెక్కగడతారు?

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు)
అందరికీ నమస్కారం. మా కుళాయికి వచ్చే కావేరి నీటికి వానే ఆధారం కాబట్టి ఈ సందేహం నాకు ఇంతవరకు రాలేదు. ఇంజనీరింగు చదువుతున్న మా అమ్మాయి సట్లెజ్ మీద ప్రాజెక్టు చేస్తూ, భాక్రా ఆనకట్టకు ఏడాదిలో చేరే నీటిలో దాదాపు 60 శాతం మంచు, హిమానీనదాలు కరిగి వచ్చినదేనని ఒక పరిశోధనా పత్రంలో చూపించింది. నదిలో కలిసిపోయిన తరువాత ఇది వాన నీరు, ఇది మంచు నీరు అని ఎవరు వేరుచేయగలరు?

జవాబు 1
మీ అనుమానం సరైనదే. ఆ అంకె కోసం నీటిని ఎవరూ వేరుచేయలేదు. ఆనకట్టకు చేరిన నీటికి పరివాహక ప్రాంతంలో ఆవిరైపోయిన నీటిని కలిపి, అందులోంచి కురిసిన వానను తీసివేస్తే మిగిలినది మంచు ఖాతాలోకి వెళ్లింది. పదేళ్ల సగటు కాబట్టి నేలలో నిల్వ పెరిగిందా తగ్గిందా అన్నది పెద్దగా అడ్డురాదు. అయితే వర్షమాపకాలు పలుచగా ఉన్న ఎత్తైన లోయల్లో వాన తక్కువగా నమోదైతే, ఆ పొరపాటంతా మంచు వాటాగా కనిపిస్తుంది. నేనైతే ముందుగా ఆ మాపకాలు ఏ ఎత్తులో ఉన్నాయో చూస్తాను.

జవాబు 2
ఏడాది వాటాకు ఆ తీసివేత చాలు కానీ, వచ్చే వారం ఎంత నీరు వస్తుందో అది చెప్పదు. దానికి మంచు మందం కాక, అందులో ఉన్న నీరు తెలియాలి. కొత్తగా కురిసిన మీటరు మంచు కరిగితే సుమారు 10 సెంటీమీటర్ల నీరే వస్తుంది. వసంతానికి గట్టిపడిన మంచైతే అదే మందానికి 30 నుంచి 50 సెంటీమీటర్లు వస్తుంది. అందుకే గొట్టం దించి మంచును తీసి తూకం వేస్తారు. మనిషి వెళ్లలేని చోట మంచు పరచుకున్న విస్తీర్ణాన్ని మోడిస్ వంటి ఉపగ్రహ చిత్రాల నుంచి తీసుకుని, ఉష్ణోగ్రతతో కరుగుదలను అంచనా వేస్తారు. సున్నాకు పైన ఒక్కో డిగ్రీకి రోజుకు 4 మిల్లీమీటర్లు కరుగుతుందనుకుంటే, సగటున 5 డిగ్రీలున్న రోజున 100 చదరపు కిలోమీటర్ల మంచు నుంచి 20 లక్షల ఘనపు మీటర్లు, అంటే రోజంతా 800 క్యూసెక్కులకు పైగా వస్తుంది. అదంతా ఆ రోజే నదికి చేరదనుకోండి.

జవాబు 3
నీటిని నిజంగానే వేరుచేసే పద్ధతి కూడా ఉంది. చలిలో, ఎత్తులో కురిసిన మంచులో ఆక్సిజన్-18 (మామూలు ఆక్సిజన్ కన్నా కాస్త బరువైన రకం) తక్కువగా ఉంటుంది కనుక, మంచు, వాన, నది నమూనాలను పోల్చి వాటాలు కడతారు. కాని ఎత్తులో కురిసే వానలోనూ అది తగ్గుతుంది. జూలై, ఆగస్టు నెలల్లో ఈ రెండింటి గుర్తులు దగ్గరపడితే ఫలితం మసకబారుతుంది.

ప్రశ్న అడిగినవారు
ధన్యవాదాలు. ఆ పత్రంలో వర్షమాపకాల పట్టికను ఈ రాత్రే వెతుకుతామని మా అమ్మాయి అంటోంది.