హోటల్ వదిలి బట్టల షోరూమ్‌లో జీఎంగా చేరొచ్చా? బెంగళూరులో ఉన్నవాళ్లు చెప్పండి

అనంతపురం_కుర్రాడు:

అందరికీ నమస్తే. మారతహళ్లిలో ఒక ఆంధ్రా భోజన హోటల్లో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. బిల్లింగులో చేరి ఇప్పుడు రాత్రి షిఫ్టు మేనేజర్నయ్యాను. ఒక బట్టల షోరూమ్ వాళ్లు జనరల్ మేనేజర్ పోస్టు ఇస్తామంటున్నారు, జీతం ఎనిమిది వేలు ఎక్కువ. అర్ధరాత్రి దాకా కిచెన్ కడిగించే పని తప్పుతుందని మా ఇంట్లో ఒకటే సంబరం. నాకేమో కాటన్‌కీ పాలిస్టర్‌కీ తేడా కూడా సరిగ్గా తెలీదు. రెండు చోట్లా చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? వారంలోగా ఏదో ఒకటి చెప్పాలి.

మదనపల్లె_అక్క:

తమ్ముడూ, నేను తొమ్మిదేళ్లు హోటళ్లలో చేసి, 2024 జూన్‌లో బట్టల షాపుకి మారాను. కాటన్ సంగతి నెల తిరిగేసరికి వచ్చేస్తుంది, దానికి టెన్షన్ వద్దు. నువ్వు భయపడాల్సింది వేరే ఉంది.

హోటల్లో దెబ్బ ఏదైనా ఆ రోజే తెలుస్తుంది. 2023 జులైలో టమాటా ధర గుర్తుందా? మాకు రోజుకి మూడొందల భోజనాలు, నలభై కిలోల టమాటా. కిలో ఇరవై ఉన్నప్పుడు ఎనిమిది వందలయ్యే ఖర్చు, నూట ఇరవై అయ్యేసరికి నాలుగు వేల ఎనిమిది వందలైంది. భోజనం నూట ఎనభై చొప్పున మా అమ్మకం యాభై నాలుగు వేలు. అందులో ఏడు శాతం పైగా టమాటా ఒక్కటే అదనంగా మింగేసింది. నాది మదనపల్లె, టమాటా మార్కెట్ చూస్తూ పెరిగినదాన్ని. అయినా ఆ నెలలో నేనే టమాటా కొనలేకపోయాను! రేటు పెంచితే ఆఫీసుల వాళ్లు పక్క మెస్‌కి పోతారని ఓనర్ ఒప్పుకోలేదు. టమాటా పప్పు తీసేసి దోసకాయ పప్పు, గోంగూర పెట్టాం. చారు చింతపండుతో కాచాం. పొద్దున ఇడ్లీకి ఎర్ర చట్నీ ఆపేస్తే రెండ్రోజులు తిట్లు తిన్నాం, తర్వాత అందరూ మర్చిపోయారు. మరుసటి మార్చిలో నీళ్ల కరువొచ్చినప్పుడు ట్యాంకర్ వాడి ఫోన్ కోసం కూర్చున్న రోజులు వేరే కథ. ఇవన్నీ కష్టాలే, కానీ కళ్లముందు కనిపించేవి.

షాపులో అలా కాదు. నేను చేరిన మూడో నెలలో స్టాక్ ఆడిట్ చేశారు. సిస్టమ్‌లో 11,400 పీసులు, లెక్కపెడితే 11,190. రెండొందల పది తక్కువ. అందరూ ట్రయల్ రూమ్ వైపు, అక్కడ పనిచేసే అమ్మాయి వైపు చూశారు. ఆ పిల్ల రెండ్రోజులు అన్నం తినలేదు. రాత్రులు కూర్చుని పాత కాగితాలు తిరగేస్తే తేలిందేంటంటే, నేను చేరకముందు ఉగాది సేల్‌కి నూట ముప్పై పీసులు ఆటోలో ఇంకో బ్రాంచికి వెళ్లాయి. ఇక్కడ ఎవరూ ట్రాన్స్‌ఫర్ ఎంట్రీ వెయ్యలేదు, అక్కడ దిగినట్టు కూడా వెయ్యలేదు. మిగతా ఎనభై ఎక్కడికి పోయాయో ఇప్పటికీ తెలీదు. సైజు కోడు తప్పుగా స్కాన్ చేయడం, ఎక్స్‌ఛేంజ్‌లో వచ్చిన పీసు ఎక్కించకపోవడం, నిజంగా ఎవరో ఎత్తుకుపోవడం, అన్నీ ఉంటాయి. నా మూడు నెలల ఇన్సెంటివ్ మాత్రం ఆపేశారు. ఎందుకంటే చేరిన రోజున "స్టాక్ సరిగ్గా అప్పగించారు" అన్న కాగితం మీద లెక్కపెట్టకుండా సంతకం పెట్టింది నేనే.

కాబట్టి చేరేముందు షట్టర్ దించి, ప్రతి పీసూ లెక్కపెట్టించు. నీ సంతకం పక్కన పాత మేనేజర్ సంతకం కూడా ఉండాలి. కొరత వస్తే జీతంలో పట్టుకుంటారా అని ఆఫర్ లెటర్‌లో వెతుకు. ఇంకోటి, ఇప్పటి హోటల్ వదిలేటప్పుడు ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత) లైసెన్సు కాగితాల్లో బాధ్యుడిగా నీ పేరు ఉందేమో చూసుకో. ఉంటే రాతపూర్వకంగా తీయించుకునే బయటికి రా.

జీఎం అన్న మాటకి మురిసిపోకు. ఈ ఊళ్లో ఇద్దరు సేల్స్‌వాళ్లున్న కొట్లోనూ ఆ కార్డు కొట్టిస్తారు. జీతాల బడ్జెట్, ఆర్డర్లు నీ చేతిలో ఉంటాయా, లేక నువ్వు తాళాలు తీసి వేసే మనిషివా? ఆ ముక్క తేల్చుకో.

కమ్మనహళ్లి_సేల్స్:

అక్క చెప్పింది నిజమే గానీ, రాత్రి తొందరగా ఇంటికొస్తానని మాత్రం అనుకోకు బ్రో. పదికి షట్టర్ దించినా క్యాష్ టాలీ, మడతలు అయ్యేసరికి పదకొండు. శని ఆదివారాలు సెలవు ఊసే ఉండదు. దసరా, దీపావళికి ఊరెళ్లడం నేను మర్చిపోయి ఐదేళ్లయింది. ఇంకా, మీటింగులో రోజూ కన్వర్షన్ అడుగుతారు. మూడొందల మంది లోపలికొస్తే అరవై బిల్లులే అయ్యాయేంటి అని. హోటల్లో కూర్చున్నవాడు తినకుండా పోడు కదా, ఇక్కడ ఇరవై చీరలు విప్పించి "ఇంట్లో అడిగొస్తాం" అంటారు. కన్నడ మాట్లాడతావా? రాకపోతే ముందు అది నేర్చుకో. సగం గొడవలు "బన్నీ, కూత్కొళ్లి" (రండి, కూర్చోండి) అనగానే చల్లబడతాయి.

అనంతపురం_కుర్రాడు:

కన్నడ వచ్చు అన్నా, మాది సరిహద్దే కదా. అక్కా, ఈరోజు వాళ్లకి ఫోన్ చేసి స్టాక్ లెక్క అడిగాను. "అన్నీ సిస్టమ్‌లో ఉన్నాయి, అవసరమేముంది" అన్నారు. అయితే చేరనని చెప్పాను. గంట తర్వాత వాళ్లే ఫోన్ చేసి సోమవారం రాత్రి లెక్క పెట్టుకుందాం రమ్మన్నారు. కొరత గురించి లెటర్‌లో ఒక్క లైనూ లేదు. అది కూడా రాయించమన్నాను, ఇంకా జవాబు రాలేదు. లైసెన్సులో నా పేరు ఉందో లేదో మా ఓనర్ని రేపు అడుగుతా.

మదనపల్లె_అక్క:

ఆ లైను రాసిచ్చేదాకా రాజీనామా ఇవ్వకు. సోమవారం బూట్లు వేసుకోకు, మెత్తటి చెప్పులు వేసుకెళ్లు. తెల్లారేదాకా నిలబడే పని. గోడౌన్ పైన అటకా, మేనెక్విన్ల ఒంటిమీదున్న బట్టలూ లెక్కలో రాయించడం మర్చిపోకు.