“యో యస్య — — న హి తస్య దూరమ్”: ఆ రెండక్షరాలు ఏవి?

రాత్రి చదువరి: “గిరౌ కలాపీ” శ్లోకంలో నాలుగో పాదం గురించి అడుగుతున్నాను. కొండ మీది నెమలికి ఆకాశంలో మబ్బు, నీళ్ళలో తామరకు లక్ష దూరాన సూర్యుడు, కలువకు రెండు లక్షల దూరాన చంద్రుడు; ఎవరికి ఎవరు ఇష్టులో వారికి దూరం లేదు అని దాని భావం. ఆ ఖాళీలో ఉన్నది “మిత్రం” అనా, “హృద్యో” (మనసుకు నచ్చినవాడు) అనా? నాకు ఈ శ్లోకం పుస్తకంలో తగల్లేదు. యాహూ చాట్ గదులు కిటకిటలాడే రోజుల్లో తెలుగువాళ్ళ గదిలో ఒకావిడ టైపు చేసింది. ఆవిడ డెట్రాయిట్‌లో, నేను రాజమండ్రిలో ఒక నెట్ సెంటర్‌లో. తెలుగు లిపిలో రాసే వీలు అప్పటికి లేదు, అంతా ఆర్‌టీఎస్‌లోనే, అంటే ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతిలో. గది పోయింది కానీ స్నేహం నిలిచింది. ఇన్నేళ్ళలో ఒకరినొకరం ఎదురుగా చూసుకోలేదు. ఈ డిసెంబరులో వస్తోంది. ఇవ్వబోయే పుస్తకం మొదటి పేజీలో ఈ పాదం రాయాలని నా కోరిక. ఆవిడనే అడిగితే ముచ్చట పోతుంది. ఆ చివరి పాదంలో పెద్ద ఎమ్ ఒకటి చూసినట్టు లీలగా గుర్తు.

గురులఘువు: ఆర్‌టీఎస్‌లో పెద్ద ఎమ్ అంటే సున్నా. కాబట్టి “మిత్రం”. చర్చ అయిపోయింది.

తాటాకు: “దూరం” చివరా అదే సున్నా ఉంది కదండీ. ఆ ఎమ్ ఎక్కడిదో ఎవరు చెప్పగలరు? మా తాతగారు “హృద్యో” అనే చదివేవారు. “దూరస్థోఽపి న దూరస్థో యో యస్య మనసి స్థితః” అన్న చాణక్యనీతి శ్లోకం ఉండనే ఉంది. అక్కడ మనసు, ఇక్కడ హృదయం. రెండూ ఒక ఇంటివే.

చెరువు గట్టు: పాత సంభాషణలు దాచుకోలేదా అండీ?

రాత్రి చదువరి: గదులు 2012లో, మెసెంజర్ 2018 జులైలో మూతపడ్డాయి. అయినా నెట్ సెంటర్ కంప్యూటర్‌లో ఎవరి మాటలు ఎవరు దాచారు? గంట అయిపోగానే పక్కవాడు కుర్చీ లాగేసేవాడు.

గురులఘువు: తాటాకు గారూ, తాతగారు రెండో పాదం ఎలా చదివేవారు?

తాటాకు: “లక్షాంతరే భానుర్జలేషు పద్మమ్”.

గురులఘువు: అనుకున్నాను. ఈ పాదం ఛందస్సు ఇంద్రవజ్ర. అందులో ఆరో అక్షరం లఘువు కావాలి, “నుర్” గురువైపోయింది. “లక్షాంతరేఽర్కశ్చ జలేషు పద్మమ్” అంటేనే గణాలు నడుస్తాయి. రెండో పాదం తప్పిన పాఠాన్ని నాలుగో పాదానికి సాక్షిగా పిలవలేం.

తాటాకు: రెండో పాదం సంగతి మిమ్మల్ని ఎవరూ అడగలేదు. నాలుగో పాదంలో మీ “మిత్రం” ఎన్ని మాత్రలో మా “హృద్యో” కూడా అన్నే మాత్రలు. మీ తక్కెడ అక్కడ పనిచేయదు.

పాతకాపు: తక్కెడ వద్దు, వ్యాకరణం చూద్దాం. “యో” పుంలింగం, “మిత్రం” నపుంసకం. “హృద్యో” అయితే లింగం కూడా కలుస్తుంది.

గురులఘువు: “మిత్రం” ఇక్కడ విధేయం, అంటే “యో” గురించి చెప్పే మాట. దానికి ఆ పట్టింపు ఎందుకండీ? స్నేహితుడు అన్న అర్థంలో మిత్రశబ్దం నపుంసకమే. పుంలింగంలో వాడితే సూర్యుడు. నా అనుమానం ఏమిటంటే, రెండో పాదంలో అర్కుణ్ణి, అంటే సూర్యుణ్ణి, నిలబెట్టిన కవి నాలుగో పాదంలో “మిత్రం” అన్నది ఊరికే అని ఉండడు. పద్మానికి సూర్యుడు రెండు రకాలా మిత్రుడే. “హృద్యో” అంటే ఈ చమత్కారం అంతా పోతుంది.

తాటాకు: మరి మూడో పాదంలో చంద్రుడు ఏం పాపం చేశాడు?

ఆదిపర్వం: అసలు సంగతి వదిలేసి అందరూ రెండక్షరాల చుట్టూ తిరుగుతున్నారు. ఇది ద్రుపదుడికి జవాబు. నన్నయగారి కందం గుర్తుచేసుకోండి:

“సమశీలశ్రుతయుతులకు
సమధనవంతులకు సమసుచారిత్రులకున్
దమలో సఖ్యమును వివా
హము నగుఁగా కగునె రెండు నసమానులకున్”

ద్రోణుణ్ణి గుమ్మంలో నిలబెట్టి అన్న మాట. ఈ శ్లోకంలోనేమో ఒక్క జతా సమానం కాదు. నెమలికి మబ్బు, తామరకు సూర్యుడు, కలువకు చంద్రుడు. చాట్ గదిలో మారుపేరు తప్ప ఏముంటుంది? ఎదుటివారి ఇల్లెంతో, జీతమెంతో తెలియకుండానే మాట కలిసిపోతుంది. ద్రుపదుడు లెక్కపెట్టిన వాటిలో ఒక్కటీ కనపడని చోటు అది. ఆ కందంలో మూడు “సమ”లు వరసగా పేర్చి చివర “అసమానులకున్” అని తలుపు వేసేయడం నన్నయగారికే చెల్లింది.

పోతన బంటు: ద్రుపదుడికి జవాబు కావాలంటే శ్లోకం దాకా ఎందుకండీ, కుచేలుడు లేడా? అటుకుల మూటతో వచ్చినవాణ్ణి తన పానుపు మీద కూర్చోబెట్టి కాళ్ళు కడిగాడు కృష్ణుడు. పైగా మూడో పాదంలో చంద్రుడికి చెప్పిన “ద్విలక్షం” (రెండు లక్షలు) అన్న లెక్క అర్థం కావాలన్నా భాగవతమే చూడాలి. పంచమ స్కంధంలో పోతన సూర్యుడికి పైన చంద్రుణ్ణి పెట్టాడు.

ఆదిపర్వం: పంచమ స్కంధం తెనిగించింది పోతన కాదు, గంగన.

పోతన బంటు: తెలుసండీ. పోతన భాగవతం అన్న అర్థంలో అన్నాను.

ఆదిపర్వం: నేనూ ఆ అర్థంలోనే సవరించాను.

చెరువు గట్టు: ఒక సందేహం. చంద్రుడు మనకు సుమారు 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు, సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో. శ్లోకంలో సూర్యుడికి ఒక లక్ష, చంద్రుడికి రెండు లక్షలా?

పాతకాపు: యోజనాలు, పురాణం లెక్క. విష్ణుపురాణం ప్రకారం భూమికి లక్ష యోజనాల మీద సూర్యుడు, అక్కడికి మరో లక్ష మీద చంద్రుడు. కవి దూరం పెంచుకుంటూ పోయాడు: కొండకు ఆకాశం, తర్వాత లక్ష, తర్వాత రెండు లక్షలు, చివరికి “దూరమే లేదు”. వరస తిరగేస్తే శ్లోకం కూలిపోతుంది. అన్నట్టు అది “ద్విలక్షం” కాదు, “ద్విలక్షే”. రెండు లక్షల దూరాన అని సప్తమి ఉండాలి.

గురులఘువు: ఉండాలని ఎవరన్నారు? “తద్యుక్తాదధ్వనః ప్రథమాసప్తమ్యౌ” అని వార్తికం, అంటే పాణిని సూత్రాలకు చేర్చిన వివరణ వాక్యం. దారి కొలతకు ప్రథమ అయినా సరే, సప్తమి అయినా సరే.

పాతకాపు: వార్తికం నాకూ వచ్చు. పై పాదంలో “లక్షాంతరే” అని సప్తమి వాడాడు, కింద ఎందుకు మారుస్తాడు?

గురులఘువు: మార్చకూడదని ఎందుకు?

రాత్రి చదువరి: పెద్దలందరికీ నమస్కారం. నేను రాయాల్సింది నాలుగో పాదం ఒక్కటే.

తాటాకు: “హృద్యో” అని రాయండి. మిత్రులు ఎందరైనా ఉంటారు.

గురులఘువు: “మిత్రం” అని రాయండి. అచ్చులో నేను ఎక్కువగా చూసిన పాఠం అదే.

ఆదిపర్వం: కందం రాయండి. శ్లోకం అందరూ రాస్తారు.

పోతన బంటు: ద్రుపదుడి తిట్టు పుస్తకం మీద రాసి స్నేహితురాలికి ఇస్తారా! “పూర్ణేందు చంద్రికా స్ఫురిత చకోరకం బరుగునే సాంద్ర నీహారములకు” అన్న పాదం చాలు. అక్కడా చంద్రుడే ఉన్నాడు.

ఆదిపర్వం: అది ప్రహ్లాదుడి భక్తి. చాట్ గది స్నేహానికి అతకదు.

చెరువు గట్టు: పాదం ఏదైనా పక్కన ఒక కలువ బొమ్మ వేయండి, బాగుంటుంది. మా చెరువులో ఎర్రకలువలు రాత్రే విచ్చుకుంటాయి.

పాతకాపు: “సితే కుముదకైరవే” అన్నాడు అమరకోశంలో అమరసింహుడు. కుముదం తెల్లది. ఎర్రకలువ వేస్తే శ్లోకానికి పనికిరాదు.

చెరువు గట్టు: చంద్రుడికి రంగుతో పని లేదండీ, రాత్రి విచ్చుకుంటే చాలు. అయితే గియితే నల్లకలువకే ఇబ్బంది. అది పగలే విచ్చుకుంటుంది, నేను రోజూ చూస్తున్నాను.

తాటాకు: నల్లకలువ అంటే ఇందీవరం. అది పగటిపూట పువ్వా? ఇందీవరాన్ని చంద్రుడికి ముడిపెట్టిన పద్యాలు ఎవరికైనా గుర్తుంటే ఇక్కడ పెట్టండి, ముందు అది తేలాలి.